వానలు ముదరక ముందే ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి

జగదేవ్‌పూర్ (మా విలేఖరి): రోహిణి కార్తె పోయి మృగశిర వస్తున్నదంటే మన మండలంలో ఏ ఊరికి వెళ్ళినా ఒకటే సందడి. విత్తనాల ప్యాకెట్లు, ఎరువుల బస్తాలు, ట్రాక్టరు కిరాయిలు. తీగుల్ నుంచి మునిగడప దాకా ఎవరిని పలకరించినా పత్తి ఎప్పుడు పెట్టాలి, మక్కజొన్న ఎంత వేయాలి అన్న మాటే. విత్తనం ప్యాకెట్టును మూడుసార్లు తిప్పి చూసి, తారీఖు చదివించుకొని గాని కొనని రైతు, తను తలాపు పెట్టుకొని పడుకునే గోడ వైపు మాత్రం ఏడాదికి ఒకసారైనా తేరిపార చూడడు.

వానాకాలంలో ప్రాణం తీసేవి చేని దగ్గరి పిడుగు, పొలం గట్టు మీది పాము మాత్రమే కావు. ఇంట్లోని తీగ, గోడ, సంచి, సంపు కూడా తీస్తాయి. ఇవి చాలావరకు ముందుగా ఏదో ఒక గుర్తు చూపించిన తర్వాతే మీదికి వస్తాయి. ఆ గుర్తులు ఏమిటో, కనబడినప్పుడు ఏం చేయాలో తెలిసినవారిని అడిగి, మా ఇంట్లో జరిగిన సంగతి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంటి దండెం

ముందు మా ఇంటి సంగతే. మాది ముందు రేకుల వసారా ఉన్న పాత పెంకుటిల్లు. వసారా ఇనుప గుంజ నుంచి ఎదురుగా ఉన్న వేపచెట్టు దాకా బట్టలు ఆరవేసే దండెం ఉండేది. తాడు కాదు, ఇనుప తీగ. మా నాయన కట్టిందే. పోయిన వానాకాలంలో ఒకనాడు పొద్దున అమ్మ తడి బట్టలు వేస్తూ, "దండెం పట్టుకుంటే జివ్వుమన్నది కొడకా" అన్నది. ముసురు పట్టి ఉన్నది, చలికి చేతులు తిమ్మిరెక్కి ఉంటాయి లెమ్మన్నాను. మూడో రోజు మళ్ళీ అన్నది. అప్పుడు కూడా నేను పేపరు పని మీద గజ్వేల్ వెళ్ళే తొందరలో ఉన్నాను. నాలుగో రోజు పక్కింటి పిల్లవాడు ఆడుకుంటూ తీగను తాకి ఏడుస్తూ పరుగెత్తాడు. అప్పుడు గాని నాకు సోయి రాలేదు.

కరెంటు పని తెలిసిన అబ్బాయిని పిలిపించి చూపిస్తే సంగతి బయటపడింది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు పై తొడుగు ఏళ్ళ తరబడి ఎండకు పెళుసై, రేకు అంచు మీద రాసుకొని రాసుకొని పగిలింది. వాన పడి రేకు తడిసినప్పుడు కరెంటు రేకులోకి, రేకు నుంచి గుంజలోకి, గుంజ నుంచి దండెంలోకి దిగుతున్నది. అమ్మ కాలికి చెప్పులు ఉండడం వల్లనో, వైరు పూర్తిగా తగలకపోవడం వల్లనో బతికిపోయింది. నాలుగు రోజులు ఆమె చెప్పిన మాట వినని నేను ఊళ్ళో వాళ్ళకు జాగ్రత్తలు చెప్పేవాడిని.

మన జిల్లాలోనే కాదు, తెలంగాణ పల్లెలు అన్నింటిలో వానాకాలం రాగానే దండెం తీగ తగిలి చనిపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. చాలాసార్లు ఒక్కరితో ఆగదు. బట్టలు ఆరవేస్తూ భార్య పడిపోతే భర్త పరుగున వచ్చి పట్టుకుంటాడు, ఆయనా పోతాడు. కాబట్టి మొదట చేయవలసిన పని, ఇంట్లో ఇనుప తీగ దండెం ఉంటే ఇవాళే విప్పి నైలాను తాడు కట్టడం. ఖర్చు వంద రూపాయలలో తేలిపోతుంది. తాడును కూడా కరెంటు స్తంభానికి, మీటరు బోర్డు దగ్గరి మేకుకు, బోరు మోటారు పైపుకు కట్టకూడదు.

ఎవరికైనా షాకు కొట్టినప్పుడు వట్టి చేతులతో ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ దూరంగా ఉంటే పొడి కట్టెతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని తీగ నుంచి వేరు చేయాలి. మీ కాళ్ళ కింద పొడిగా ఉండాలి. స్తంభం నుంచి వచ్చే తీగే తెగి పడితే మాత్రం దగ్గరికి పోనే పోవద్దు. కరెంటు వాళ్ళ 1912 నంబరుకు ఫోను చేసి, లైను ఆపే దాకా ఎవరినీ అటు రానీయకూడదు.

ఫ్యూజు ఉన్నది కదా అని చాలామందికి ధీమా. ఇది పెద్ద పొరపాటు. ఫ్యూజు గాని, ఈమధ్య అందరూ పెట్టించుకుంటున్న ఎం.సి.బి. గాని వైర్లు కాలిపోకుండా కాపాడేవి. మనిషిని కాపాడేవి కావు. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు వెలగడానికి పట్టే కరెంటు మన గుండె గుండా పోతే ప్రాణాపాయమే. అంత కొద్ది కరెంటుకు ఐదు ఆంపియర్ల ఫ్యూజు కదలనైనా కదలదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి. వెళ్ళిన కరెంటు తిరిగి రాకుండా ఎక్కడో నేలలోకి పోతున్నదని తెలియగానే రెప్పపాటులో అదే ఆపేస్తుంది. షాపులో అడిగేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లది, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది అని అడగాలి. సుమారు రెండు వేల రూపాయలు అవుతుంది. దాని మీద చిన్న టెస్టు బటన్ ఉంటుంది. నెలకొకసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది పనిచేయడం లేదని అర్థం. కొన్ని ఇళ్ళలో అది మాటిమాటికీ పడిపోతున్నదని విసుగు పుట్టి తీసివేయించినట్టు చూశాను. అది పడిపోతున్నదంటే ఇంట్లో ఎక్కడో కరెంటు కారుతున్నదన్న మాట. కారేది వెతికించాలి గాని కాపలా కుక్కను తరిమేస్తే ఎట్లా?

ఆర్.సి.సి.బి. పెట్టినా ఎర్తింగు ఉండవలసిందే. ఇంటి పక్కన లోతుగా తవ్వి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, అక్కడి నుంచి తీగ బోర్డుకు కలిపే పద్ధతి అందరికీ తెలిసిందే. తెలిసి కూడా చాలా ఇళ్ళలో ఆ తీగ ఎప్పుడో తెగిపోయి వేలాడుతుంటుంది. ఎండాకాలం ఆ గుంతలో రోజూ చెంబెడు నీళ్ళు పోయాలి. ఫ్రిజ్జు, కూలరు, మోటారు వంటి ఇనుప ఒళ్ళు ఉన్నవాటికి మూడు పుల్లల ప్లగ్గే వాడాలి. బోర్డులో పట్టడం లేదని మూడో పుల్ల విరగ్గొట్టడం మన ఊళ్ళలో అలవాటుగా మారింది. ఇనుప కూలరులో నీళ్ళు పోసేటప్పుడు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు పీకి పోయాలి. బకెట్టులో వేసే హీటరు విషయమూ అంతే. నీళ్ళు కాగినవో లేవో వేలు పెట్టి చూడబోయి పోయినవాళ్ళు ఉన్నారు.

గోడ ముందే చెబుతుంది

మన దగ్గర ఇప్పుడు స్లాబు ఇళ్ళు పెరిగాయి. ఒకప్పుడు మన మండలంలో ఉండి 2016లో మర్కూక్ మండలంలోకి వెళ్ళిన ఎర్రవల్లి, నర్సన్నపేట గ్రామాలలో అదే ఏడాది డిసెంబరులో డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు సామూహిక గృహప్రవేశాలు జరిగాయి. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలై, సొంత స్థలం ఉన్న పేదలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. అయినా ఏ ఊరి లోపలికి వెళ్ళినా మట్టి గోడలు, రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు, వాటి మీద గూన పెంకులు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. అవి మంచి ఇళ్ళే. ఎండాకాలం ఆ చల్లదనం స్లాబు కింద రాదు. అయితే మట్టి గోడకు నీరే శత్రువు.

మట్టి గోడ పైనుంచి కాదు, అడుగు నుంచి చెడిపోతుంది. చూరు నీళ్ళు పడి చిమ్మే చోట, వాడిన నీళ్ళు నిలిచే చోట, గోడకు ఆనించి పెండ కుప్పో, మట్టి కుప్పో వేసిన చోట అడుగు మెత్తబడి, పొరలు పొరలుగా రాలి, గోడ నడుము సన్నబడుతుంది. పైన మాత్రం సున్నం వేసి బ్రహ్మాండంగా కనబడుతుంది. అందుకని వానలకు ముందు గోడ చుట్టూ నీరు బయటికి జారేటట్టు మన్ను వాలుగా కొట్టించి, చూరును గోడకు కనీసం రెండు జానల దూరం నీళ్ళు పడేటట్టు పెంచుకోవాలి. రాలిపోయిన అడుగు భాగం లోపలికి రాయి చొప్పించి మట్టితో మెత్తించాలి. తడి మట్టి గోడకు పైన సిమెంటు పూత పూయించడం పరిష్కారం కాదు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక, లోలోపలే మట్టి మెత్తబడి పూతతో సహా ఊడి పడుతుంది. పాత పద్ధతిలో మట్టి, పెండ, ఊక కలిపి మెత్తి సున్నం కొట్టడమే మేలు.

గోడ ఒరిగిందా లేదా అన్నది మేస్త్రీ వచ్చి చెప్పవలసిన పని లేదు. దారానికి ఒక రాయి కట్టి, గోడ పైభాగంలో మేకుకు వేలాడదీయండి. దారానికీ గోడకూ మధ్య ఎడం పైన ఎంత ఉన్నదో కిందా అంతే ఉంటే గోడ నిటారుగా ఉన్నట్టు. తేడా ఉంటే రాసి పెట్టుకొని నెల తర్వాత మళ్ళీ చూడండి. పగులు ఉంటే దాని మీద అడ్డంగా ఒక పలుచని కాగితం ముక్క అంటించి, దాని మీద తారీఖు వేయండి. పదిహేను రోజుల్లో కాగితం చినిగితే పగులు పెరుగుతున్నదని అర్థం. గోడ మధ్యలో పొట్ట ఉబ్బినట్టు కనబడినా, దర్వాజ ఉన్నట్టుండి బిగుసుకుపోయి తలుపు పడకపోయినా, రాత్రిపూట మన్ను రాలే చప్పుడు వినబడినా ఆ గదిలో పడుకోకూడదు. వాన కురుస్తున్నప్పుడే కాదు, ముసురు వెలిసి ఎండ పొడిచిన తర్వాత కూడా గోడలు కూలుతాయి. ఎండ వచ్చిందని వెంటనే లోపలికి వెళ్ళిపోవడం మంచిది కాదు.

2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే సుమారు 65 సెంటీమీటర్ల వాన పడింది. 2025 ఆగస్టు చివరలో మన పక్కనే ఉన్న మెదక్, కామారెడ్డి జిల్లాలను కుండపోత ముంచెత్తింది. ఇటువంటి వానలు మన తాతలు గోడలు కట్టిన నాటి లెక్కలో లేవు.

రాయీ మట్టీ కలిపిన గోడల గురించి ఇంకొక మాట. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో, కిల్లారి దగ్గర వచ్చిన భూకంపంలో వేలాది మంది చనిపోయారు. భూమి కంపించడం కన్నా మందమైన రాతి గోడలు, మట్టి మిద్దెలు నిద్రలో ఉన్న మనుషుల మీద పడటం వల్లనే అంత నష్టం జరిగింది. రెండు వైపులా రాళ్ళు పేర్చి మధ్యలో చిన్నరాయి, మన్ను నింపిన గోడ రెండు పొరలుగా విడిపోతుంది. గోడ ఒక వైపు నుంచి రెండో వైపు దాకా పట్టే పొడుగు రాళ్ళు అక్కడక్కడ వేస్తేనే అది ఒక్కటిగా నిలబడుతుంది. గోడ కొంత విప్పి కట్టించేటప్పుడు మేస్త్రీతో ఈ సంగతి పట్టుబట్టి చెప్పండి.

ఇప్పుడు ఎక్కువగా చూస్తున్న ప్రమాదం వేరొకటి ఉన్నది. కొత్త ఇల్లు మంజూరైన వాళ్ళు పాత ఇంటిని సగం విప్పి, ఆ జాగాలో పునాది తీసి, మిగిలిన సగంలో సంసారం చేస్తున్నారు. కిరాయికి పోలేని వాళ్ళు మరేం చేస్తారు? కాని అడ్డగోడ తీసేసిన తర్వాత పొడుగు గోడకు ఆసరా ఉండదు. దాని పక్కనే పునాది గుంత తవ్వి, గుంతలో వాన నీరు నిలిస్తే ఆ గోడ ఏ రాత్రి పడుతుందో చెప్పలేము. సగం విప్పక తప్పదనుకుంటే మిగిలిన గోడకు కట్టెల పోట్లు పెట్టించి, పడకలు గోడకు దూరంగా మార్చుకోవాలి. వీలైతే వానలు తగ్గే దాకా విప్పడమే ఆపాలి. ఎవరూ ఉండని పాడుబడిన ఇళ్ళ గోడలు కూడా వాకిట్లో ఆడుకునే పిల్లల మీద, వాడలో నడిచిపోయే వాళ్ళ మీద పడుతుంటాయి. ఇటువంటివి ఉంటే గ్రామపంచాయతీకి కాగితం రాసి ఇచ్చి, కార్యదర్శి చేత కూలగొట్టించే ఏర్పాటు చేయించాలి. అన్నదమ్ముల తగాదాలో ఉన్న గోడ కదా అని ఊరు ఊరంతా మనకెందుకులే అని ఊరుకోవడం న్యాయం కాదు.

పైకప్పు సంగతి

పెంకుటింటి దూలాలు గోడలోకి దూరిన చోటే ముందు పుచ్చిపోతాయి. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే లోపల చెదలు తిన్నట్టే. సుత్తితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. రేకుల ఇళ్ళవాళ్ళు గాలిదుమారానికి భయపడి పైన బండలు పెడుతుంటారు. గాలి బలంగా ఉంటే ఆ బండే కిందికి దొర్లి తల మీద పడుతుంది. రేకును కింది పైపుకు బోల్టులతో బిగించడమే దారి. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టి ఎక్కకండి, పాతబడితే పటుక్కున విరుగుతుంది. పలక అడ్డం వేసుకొని దాని మీద నడవాలి. ఆ రేకులను కోసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు చేటు, నీళ్ళు చల్లి కోయాలి. స్లాబు ఉన్నవారు నీళ్ళు దిగే గొట్టాలలో చెత్త తీసి, పిట్టగోడ మీద మొలిచిన రావి మొక్కను వేళ్ళతో సహా పీకివేస్తే సగం కురుపులు ఆగిపోతాయి. ఎండాకాలం వేడికి మాత్రం కప్పు మీద చిక్కటి సున్నం కొట్టించడం కన్నా చవక ఉపాయం లేదు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కూల్ రూఫ్ విధానంలో ఉన్నదీ ఇదే సూత్రం, తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది.

రాత్రిపూట నేల మీద

ఎండాకాలం వాకిట్లో మంచాల మీద పడుకున్న వాళ్ళం వానలు రాగానే లోపల చాపలు పరుస్తాం. అదే సమయంలో పాములూ పొడి చోటు వెతుక్కుంటూ లోపలికి వస్తాయి. నాగుపాము బుస కొడుతుంది, రక్తపింజర కరిస్తే వాచి నొప్పి పుడుతుంది. కట్లపాము అట్లా కాదు. రాత్రి నిద్రలో ఉన్నప్పుడు కరుస్తుంది, చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అజీర్తి అనుకొని సోడా తాగించి కూర్చుంటే ప్రాణం పోతుంది. నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున ఈ లక్షణాలు కనబడితే పాముకాటే అనుకొని బయలుదేరాలి.

మంచం మీద పడుకొని దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకుంటే దోమలతో పాటు పాము, తేలు కూడా రావు. పత్తికట్టె, పొయ్యిలోకి కట్టెలు గోడకు ఆనించి పేర్చకుండా దూరంగా వేయాలి. వడ్ల సంచులు ఉన్న చోట ఎలుకలు, ఎలుకలు ఉన్న చోట పాములు. తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటే రబ్బరు పట్టీ కొట్టించండి.

పాము కరిచినప్పుడు గాటు కోయడం, రక్తం పీల్చడం, తాడుతో బిగించి కట్టడం అన్నీ హానికరం. కరిచిన కాలునో, చేతినో కదలకుండా బద్ద కట్టి 108కి ఫోను చేయాలి. బండి ఆలస్యమైతే మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకొని సర్కారు దవాఖానకు చేరాలి. విషానికి విరుగుడు సూది అక్కడ ఉచితంగా వేస్తారు. మంత్రం వేయించుకున్న తర్వాత పోదాం అన్న ఆ గంటే ప్రాణానికి ముప్పు తెస్తుంది.

బియ్యం సంచిలో గోళీలు

పురుగు పట్టకుండా వడ్లలో, బియ్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీల గురించి చెప్పకుండా ఉండలేను. వీటికి తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. వానాకాలం గాలిలోనే తేమ ఉంటుంది. తలుపులు మూసి, ఆ సంచుల పక్కన పిల్లలతో పడుకుంటే తెల్లారేసరికి వాంతులు, ఆయాసం, ఆపైన ఎవరూ ఏమీ చేయలేని స్థితి. దీనికి విరుగుడు మందు లేదు. గోదాములలో తెలిసినవాళ్ళు వాడవలసిన ఈ మందును ఇంట్లోకి తేనే వద్దు. బియ్యాన్ని ఆరబెట్టి వేపాకు వేసుకోవడం, కందులకు ఆముదం పట్టించడం మన పెద్దవాళ్ళు చేసిన పనే. పత్తి మందుల డబ్బాలు కూడా వంటింట్లో, పిల్లల చేతికి అందే చోట ఉండకూడదు. మిగిలిన మందును నీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

గ్యాసు గురించి నాలుగు మాటలు చాలు. 1999లో దీపం పథకంతో పల్లె ఆడవాళ్ళకు గ్యాసు పరిచయమైంది, ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నది. ఈ గ్యాసు గాలి కన్నా బరువైనది, కారితే నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు వేయడం కాదు, ఆర్పడం కూడా చేయవద్దు. రెగ్యులేటరు ఆపి, తలుపులన్నీ తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. రబ్బరు గొట్టాన్ని ఐదేళ్ళకొకసారి మార్చాలి. సందేహం ఉన్న చోట సబ్బు నురగ పూస్తే బుడగలు చెబుతాయి, అగ్గిపుల్ల గీసి చూడకూడదు. సిలిండరు మెడ దగ్గర పట్టీల మీద ఎ, బి, సి, డి అని అక్షరం, పక్కన ఏడాది ఉంటాయి. ఎ అంటే మార్చి దాకా, బి జూన్ దాకా, సి సెప్టెంబరు దాకా, డి డిసెంబరు దాకా. ఆ గడువు దాటిన సిలిండరును తీసుకోకుండా తిప్పి పంపండి.

ఇక సంపులు. 2016 ఆగస్టు 7న మన పక్క గజ్వేల్ మండలం కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైన తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది, చాలా వాకిళ్ళలో సంపులూ వచ్చాయి. వాటి మీద మూత అంటే ఒక రేకు ముక్క, దాని మీద ఒక రాయి. రెండేళ్ళ పిల్లవాడు ఆ రేకు మీద నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? గొళ్ళెం ఉన్న ఇనుప మూత చేయించండి. కుడితి గోలేలు, డ్రమ్ములు వారానికొకసారి ఖాళీ చేసి తోమి ఆరబెడితే డెంగీ దోమ పెరగదు. అది పగటిపూట కుట్టే దోమ, మంచి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది.

మా ఇంటి సర్వీసు వైరు మార్పించి, ఆర్.సి.సి.బి., ఎర్తింగుతో కలిపి చేయించడానికి ఐదు వేలలోపే అయింది. ఇనుప తీగ విప్పి పసుపు రంగు నైలాను తాడు కట్టాను. తడి దుప్పటి వేస్తే ఈ తాడు కుంగి అంచులు మట్టికి తగులుతున్నాయని, ఆ తీగ ఎంత బిగుతుగా ఉండేదని అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంది. మధ్యలో ఒక వెదురు గుంజ పాతి పెడతానని మాట ఇచ్చాను, ఈ ఆదివారం పాతాలి.